స్టెరాయిడ్ మాత్ర ఒక్కసారిగా ఎందుకు మానకూడదు?

ప్రశ్న: నాకు 46 ఏళ్లు. కీళ్లవాతానికి నాలుగు నెలలుగా రోజూ 10 మిల్లీగ్రాముల ప్రెడ్నిసోలోన్ వేసుకుంటున్నాను. నొప్పులు తగ్గాయి గానీ ముఖం ఉబ్బింది, బరువు పెరిగాను. ఇక మానేస్తానంటే మా డాక్టరు గారు ఒప్పుకోలేదు. "మీ అడ్రినల్ గ్రంథులు నిద్రలో ఉన్నాయి, ఇప్పుడు మానకూడదు" అన్నారు. టెన్షన్‌లో గుండెదడ తెప్పించేవి అవే కదా? నిద్రపోతే మంచిదేగా?

జవాబు: మంచిది కాదమ్మా. మీ డాక్టరు మాటే వినండి.

మీరంటున్న గుండెదడ అడ్రినలిన్ పని. పేరంతా దానికే వచ్చింది గానీ, నన్నడిగితే ఆ గ్రంథుల్లో అసలు ప్రాణాధారం అది కాదు. అడ్రినలిన్ తయారయ్యే లోపలి భాగం లేకపోయినా మనిషి బతుకుతాడు. బయటి భాగం పనిచేయకపోతే మాత్రం మందు లేకుండా బతకడం కష్టం.

ఈ గ్రంథులు రెండు కిడ్నీల మీద టోపీలు పెట్టినట్టు చెరొకటి ఉంటాయి. ఒక్కోటి నాలుగైదు గ్రాములకు మించదు. కోసి చూస్తే బయటి పొర పసుపు రంగులో కనిపిస్తుంది. ఆ పసుపుకు కారణం అందులో నిల్వ ఉండే కొవ్వు, ముఖ్యంగా కొలెస్ట్రాల్. అందరూ తిట్టుకునే ఆ కొలెస్ట్రాలే ఇక్కడ ముడిసరుకు. బయటి పొరలో మళ్లీ మూడు వరసలున్నాయి. పై వరసలో ఆల్డోస్టెరాన్ తయారవుతుంది. ఒంట్లో ఉప్పు నిలిపి, పొటాషియాన్ని మూత్రంలోకి పంపమని కిడ్నీలకు చెప్పేది అదే. లోపలి వరసలో కొద్దిపాటి పురుష హార్మోన్లు వస్తాయి, ఆడవాళ్లలో కూడా.

మీ సంగతంతా మధ్య వరసలో ఉంది. అక్కడ తయారయ్యేది కార్టిసాల్. మీ ప్రెడ్నిసోలోన్ దానిలాగే పనిచేసే స్టెరాయిడ్ మందు. తిండి లేనప్పుడు రక్తంలో చక్కెర పడిపోకుండా చూస్తుంది, బీపీని నిలబెడుతుంది, వాపును అదుపులో ఉంచుతుంది. మీ కీళ్లకు మాత్ర పనిచేసింది ఈ చివరి గుణం వల్లే. అడ్రినలిన్ కణాల్లో సిద్ధంగా నిల్వ ఉండి, నరం నుంచి కబురు రాగానే క్షణాల్లో రక్తంలోకి దూకుతుంది. కార్టిసాల్‌కు అలాంటి నిల్వ లేదు. మెదడు కింద ఉన్న పిట్యూటరీ గ్రంథి ఏసీటీహెచ్ అనే హార్మోన్ పంపితేనే, అప్పటికప్పుడు కొలెస్ట్రాల్ నుంచి తయారు కావాలి. తెల్లవారుజామున ఆ ఆర్డరు జోరుగా ఉంటుంది, అర్ధరాత్రికి తగ్గిపోతుంది. అందుకే కార్టిసాల్ పరీక్షకు రక్తం పొద్దున్నే ఎనిమిది గంటల ప్రాంతంలో ఇమ్మంటాం.

రక్తంలో కార్టిసాల్ సరిపడా ఉంటే మెదడు ఆర్డరు తగ్గిస్తుంది. అది సొంతంగా తయారైందా, మాత్రలో వచ్చిందా అన్న తేడా దానికి పట్టదు. శరీరం రోజుకు తయారుచేసుకునే కార్టిసాల్‌కు సుమారు 5 మిల్లీగ్రాముల ప్రెడ్నిసోలోన్ సమానం. మీరు దానికి రెట్టింపు, అదీ నెలల తరబడి వేసుకుంటున్నారు. ఏసీటీహెచ్ రాక ఆ మధ్య వరస కుంచించుకుపోయి ఉంటుంది. రేపు మాత్ర మానేస్తే బయటి నుంచీ రాదు, లోపలా తయారుకాదు. నీరసం, వాంతులు, లేచి నిలబడితే కళ్లు తిరగడం, బీపీ పడిపోవడం... ఒక్కోసారి ప్రాణం మీదికే వస్తుంది. ఆల్డోస్టెరాన్ సంగతి వేరు, అది ఎక్కువగా కిడ్నీల మాట వింటుంది కాబట్టి సాధారణంగా దెబ్బతినదు.

1855లో థామస్ అడిసన్ అనే డాక్టరు వివరించిన జబ్బులో గ్రంథే పాడవుతుంది. అప్పుడు ఏసీటీహెచ్ విపరీతంగా పెరిగి చర్మం నల్లబడుతుంది. అనుమానం వస్తే నేను మొదట చూసేది అరచేతి గీతలు, చిగుళ్లు. మీ విషయంలో ఏసీటీహెచ్చే తక్కువ కనుక ఆ నలుపు రాదు. ఆ గుర్తు కోసం ఎదురుచూడకండి.

మోతాదు ఎలా తగ్గించాలో మీ డాక్టరే చెప్పాలి. 5 దగ్గరికి వచ్చాక ఇంకా నెమ్మదిగా తగ్గించాల్సి వస్తుంది. గ్రంథి మేలుకోవడానికి కొందరికి నెలలు పడుతుంది. ఈలోగా జ్వరం వచ్చినా, ఆపరేషన్ అన్నా, చివరికి పన్ను పీకించుకోవాలన్నా, స్టెరాయిడ్ వాడుతున్నానని ముందే చెప్పండి, మోతాదు పెంచాల్సి రావచ్చు. వాంతులై మాత్ర కడుపులో నిలవకపోతే ఇంట్లో కూర్చోవద్దు, ఆసుపత్రికి వెళ్లి ఇంజెక్షన్ చేయించుకోవాలి. స్టెరాయిడ్ వాడుతున్న సంగతి ఒక చీటీ మీద రాసి పర్సులో పెట్టుకోండి.

ప్రశ్న: ఎప్పుడూ నీరసంగా ఉంటోంది. ఒత్తిడితో అడ్రినల్ గ్రంథులు అలసిపోయాయని, సప్లిమెంటు వాడమని జిమ్‌లో చెప్పారు. వాడనా?

జవాబు: వద్దు. ఒత్తిడికి ఆ గ్రంథులు అలసిపోవు, అలాంటి జబ్బును హార్మోన్ల వైద్యశాస్త్రం గుర్తించలేదు. హిమోగ్లోబిన్, థైరాయిడ్, షుగర్ చూపించుకోండి. రాత్రి ఎన్ని గంటలు పడుకుంటున్నారో కూడా డాక్టరుకు దాచకుండా చెప్పండి. అడ్రినల్ అలసట పేరుతో అమ్మే కొన్ని సప్లిమెంట్లలో లేబుల్ మీద లేని స్టెరాయిడ్ ఉన్నట్టు పరీక్షల్లో బయటపడింది. ఇప్పటికే మొదలుపెట్టి ఉంటే ఆ డబ్బా కూడా వెంట తీసుకెళ్లండి.