పాటల పెట్టె: అరెతా పాటలో వంత ఎవరిది?

ఈ నెల ఉత్తరాలు ఎక్కువగా ఒడిశా సరిహద్దు నుంచి వచ్చాయి. దాదాపు అన్నీ ఒక్క గాయని గురించే. ఆమె అమెరికన్ నల్లజాతీయుల సోల్ సంగీతంలో మహారాణిగా పేరుపొందిన అరెతా ఫ్రాంక్లిన్ (1942–2018). పాటల గురించీ, అవి మోగే యంత్రాల గురించీ అడిగిన ప్రశ్నలను కలిపే ఇస్తున్నాం. యంత్రం సరిగ్గా లేకపోతే ఆవిడ పాటలోని సగం అందం చెవిదాకా రాదు.

నాన్నగారు పోయాక ఆయన దాచుకున్న అరెతా రికార్డులు నా చేతికొచ్చాయి. నాకు తెలిసింది ‘రెస్పెక్ట్’ ఒక్కటే. ప్రేమపాటలు ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి? ఆవిడ అరుస్తుందని ఇంట్లోవాళ్ళు విసుక్కుంటున్నారు.
– పాఠకురాలు, పర్లాకిమిడి

‘రెస్పెక్ట్’ని కొన్నాళ్ళు పక్కన పెట్టండి. 1967 మార్చిలో వచ్చిన ‘ఐ నెవర్ లవ్డ్ ఎ మ్యాన్ ద వే ఐ లవ్ యూ’ ఎల్‌పీ మీ పెట్టెలో ఉందేమో చూడండి. ఉంటే అదే పేరున్న పాటతో మొదలుపెట్టండి. అంతకుముందు ఆరేళ్ళు కొలంబియా కంపెనీ ఆవిడ చేత రకరకాల పాటలు పాడించింది కానీ, పియానో దగ్గర కూర్చోబెట్టి ఆవిడకు వచ్చిన పద్ధతిలో పాడనిచ్చింది తక్కువ. అట్లాంటిక్ కంపెనీకి మారాక నిర్మాత జెర్రీ వెక్స్‌లర్ ఆవిడను 1967 జనవరిలో అలబామాలోని మజిల్ షోల్స్‌కు తీసుకెళ్ళాడు. అక్కడ ఫేమ్ స్టూడియోలో ఈ పాట రికార్డయింది. మొదట్లో వాద్యకారులకు దారి దొరకలేదు. స్పూనర్ ఓల్డమ్ ఎలక్ట్రిక్ పియానోపై ఒక చిన్న ముక్క వాయించాకే పాట నడక పట్టుకుంది. అది పాట మొదట్లోనే వినిపిస్తుంది, జాగ్రత్తగా వినండి. ఆ రోజే గొడవ జరిగి రికార్డింగ్ ఆగిపోయింది. అప్పటికి సగంలో ఉన్న రెండో పాట ‘డు రైట్ ఉమన్, డు రైట్ మ్యాన్’ని న్యూయార్క్‌లో పూర్తిచేశారు. వంత పాడింది ఆవిడ తోబుట్టువులు ఎర్మా, కేరొలిన్.

వంత అన్న మాట కావాలనే వాడుతున్నాం. బుర్రకథలో కథకుడి మాటకు పక్కవాళ్ళు అందుకునే వంత మనకు తెలిసిందే. డెట్రాయిట్‌లో అరెతా తండ్రి సి.ఎల్. ఫ్రాంక్లిన్ పాస్టర్‌గా ఉన్న న్యూ బెతెల్ బాప్టిస్ట్ చర్చిలో పాట నడిచిందీ ఇలాగే. ఒకరు అంటే సంఘమంతా జవాబిస్తుంది. అరెతా ఆ పద్ధతిని ప్రేమపాటలోకి తెచ్చింది. ప్రియుడితో మాట్లాడుతున్నట్టు ఒక మాట అంటుంది. వెనకనున్న ఆడవాళ్ళు నిజమేనంటూ, లేదా ఇంకా చెప్పమంటూ అందుకుంటారు. పియానో కూడా ఆవిడదే కాబట్టి, తన మాటకు తన చేతులే మరో జవాబు ఇస్తాయి.

అరుస్తుందన్న మాటకు ఇక్కడే జవాబుంది. నెమ్మది పాటల్లో మొదటి చరణం దాదాపు మాటే. గొంతు పైకి లేచేది వంతవాళ్ళు రెండు మూడుసార్లు అందుకున్న తర్వాత. మధ్యలోంచి విన్నవాళ్ళకే అది అరుపులా తోస్తుంది. ఒకే పాటను మూడుసార్లు పెట్టండి. మొదటిసారి గొంతు వినండి, రెండోసారి పియానోలో ఎడమచేయి, మూడోసారి వంత.

తర్వాత 1967లోనే వచ్చిన ‘ఎ నేచురల్ ఉమన్’ వినండి. పాట పేరు వెక్స్‌లర్ ఇచ్చాడు, రాసింది గెరీ గాఫిన్, కేరొల్ కింగ్ దంపతులు. 2015 డిసెంబర్‌లో వాషింగ్టన్‌లోని కెనడీ సెంటర్‌లో కేరొల్ కింగ్‌కు సన్మానం జరిగినప్పుడు, 73 ఏళ్ళ వయసులో అరెతా పియానో వాయిస్తూ ఈ పాట మొదలుపెట్టి, చివర్లో లేచి నిలబడి ముగించింది. ఆ వీడియో దొరికితే తప్పక చూడండి. ఆవిడ స్వయంగా రాసిన ‘కాల్ మీ’ (1970), ‘డే డ్రీమింగ్’ (1972) ఆ తర్వాత పెట్టుకోండి. ‘డే డ్రీమింగ్’లో వేణువు హ్యూబర్ట్ లాస్‌ది, ఎలక్ట్రిక్ పియానో డానీ హాథవేది. ఇంట్లోవాళ్ళు విసుక్కోకుండా వినే పాట ఏదంటే మా ఓటు దీనికే.

అమెరికా నుంచి మావయ్య తెచ్చిన రికార్డు ప్లేయర్‌ను 110 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్‌కు కలిపి పెట్టాం. తిరుగుతోంది కానీ అరెతా గొంతు మగగొంతులా, నిద్రలో పాడుతున్నట్టు వస్తోంది. రికార్డు చెడిపోయిందా?
– పాఠకుడు, రాయగడ

రికార్డు బాగానే ఉండి ఉంటుంది. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీని మారుస్తుంది తప్ప ఫ్రీక్వెన్సీని, అంటే కరెంటు సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో దాన్ని, మార్చదు. అమెరికాలో కరెంటు 60 హెర్ట్జ్, మన దగ్గర 50. పాత ప్లేయర్లలో చాలావాటికి మెయిన్స్ ఫ్రీక్వెన్సీని బట్టి తిరిగే సింక్రనస్ మోటార్ ఉంటుంది. అది ఇక్కడ ఆరింట అయిదు వంతుల వేగంతోనే తిరుగుతుంది. నిమిషానికి 33⅓ చుట్లు తిరగాల్సిన పళ్ళెం 27.8 చుట్లకు పడిపోతుంది. శ్రుతి మూడు స్వరస్థానాలకు కాస్త ఎక్కువే దిగిపోతుంది. మూడు నిమిషాల పాట మూడు నిమిషాల 36 సెకన్లు సాగుతుంది.

ముందు ఇదేనా కారణం అని తేల్చుకోండి. రికార్డు లేబుల్ మీద చిన్న కాగితం ముక్క అంటించి, ఫోన్‌లో మూడు నిమిషాలు పెట్టి చుట్లు లెక్కపెట్టండి. 100 వస్తే వేగం సరిగ్గా ఉన్నట్టు. 83 దగ్గర వస్తే ఫ్రీక్వెన్సీ తేడా. 95, 97 లాంటివి వస్తే బెల్టు సాగిందో, బేరింగ్‌లో నూనె ఎండిందో. స్ట్రోబ్ బిళ్ళతో (దీపం కింద గీతలు కదలకుండా నిలిస్తే వేగం సరిగ్గా ఉన్నట్టు చూపే బిళ్ళ) చూస్తే 50 హెర్ట్జ్ బిళ్ళే వాడాలి, అంటే 33⅓ వరుసలో 180 గీతలున్నది. అమెరికా బిళ్ళ మీద 216 ఉంటాయి. చాలా ఎల్‌ఈడీ బల్బుల కింద గీతలు నిలవవు, పాత ఫిలమెంట్ బల్బో నియాన్ దీపమో కావాలి.

వెనక ప్లేటు మీద 50/60 అని ఉంటే, లోపల మోటార్ పుల్లీకి (బెల్టును తిప్పే చిన్న చక్రానికి) రెండు మెట్లుంటాయేమో, మార్చే కొక్కెం ఏదైనా ఉందేమో చూడండి. 60 మాత్రమే ఉంటే లేత్ పనివాడి చేత పెద్ద పుల్లీ చేయించాలి. పాతదాని వ్యాసానికి బెల్టు మందం కలిపి, 1.2తో గుణించి, మళ్ళీ బెల్టు మందం తీసేయండి. ఉదాహరణకు పుల్లీ 10 మిల్లీమీటర్లు, బెల్టు అర మిల్లీమీటర్ అయితే కొత్తది 12.1 రావాలి. పాత పుల్లీకి టేపు చుట్టి లావు చేయకండి. గుండ్రతనం పోయి పియానో స్వరాలు వణుకుతాయి, అరెతా రికార్డులో అది క్షమించలేని తప్పు. 60 హెర్ట్జ్ మోటార్ 50 మీద ఎక్కువ వేడెక్కుతుంది కూడా. అరగంట తిప్పాక చేత్తో తాకలేనంత వేడిగా ఉంటే ఆపేయండి. అడాప్టర్‌తో డీసీ మీద నడిచే ప్లేయర్లకు ఈ బెడద లేదు.

పుల్లీ తయారయ్యేదాకా ఆగలేకపోతే, నెమ్మదిగా తిరుగుతున్నదాన్నే కంప్యూటర్‌లోకి ఎక్కించి 1.2 రెట్లు వేగం పెంచవచ్చు. ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్‌లో అయితే ‘స్పీడ్’ మార్చాలి. ‘టెంపో’ మారిస్తే పాట తొందరగా నడుస్తుంది కానీ గొంతు మగగొంతుగానే ఉండిపోతుంది.

కర్ణాటక సంగీతం పదేళ్ళు నేర్చుకున్నాను. మా కాలేజీ కార్యక్రమంలో ‘ఐ సే ఎ లిటిల్ ప్రేయర్’ పాడాలి. పల్లవి దగ్గర ప్రతిసారీ తాళం తప్పుతోంది. సంగతులు వేస్తే అరెతాలా రావడం లేదు, కచేరీలా ఉంటోంది.
– పాఠకురాలు, బరంపురం

తాళం తప్పడం మీ లోపం కాదు. బర్ట్ బాకరాక్ స్వరపరిచి, హాల్ డేవిడ్ రాసిన పాట ఇది. 1967లో డియాన్ వార్విక్ పాడగా వచ్చింది, 1968లో అరెతా పాడింది. రెండింటిలోనూ పల్లవి 11 దెబ్బలకు ఒక చుట్టు. ఆదితాళం వేస్తే ఎనిమిది దగ్గర మీరు ఆగుతారు, పాట ఆగదు. చేత్తో తాళం మానేసి నోటితో తకధిమి, తకిట, తకధిమి అనుకోండి. నాలుగు, మూడు, నాలుగు. సాహిత్యం లేకుండా ఇరవై చుట్లు అన్నాకే మాటలు పెట్టండి. చరణంలోనూ మధ్యలో 10 దెబ్బల వాక్యం ఒకటి వస్తుంది. అక్కడ డ్రమ్స్ వాయించేవారితో ముందే మాట్లాడుకోకపోతే మీరు ముందూ వాళ్ళు వెనకా అవుతారు.

అరెతా పాటలో పల్లవిని ముందుగా ఎత్తుకునేది చాలా చోట్ల వంత బృందమే. వాళ్ళ పేరు స్వీట్ ఇన్‌స్పిరేషన్స్. వాళ్ళతో రిహార్సల్‌లో సరదాగా పాడుకున్న పాటే రికార్డు దాకా వెళ్ళింది. కాబట్టి ఒంటరిగా పాడే ఆలోచన ఉంటే మానుకోండి. ముగ్గురు వంతగత్తెలను ముందు కూడగట్టుకుని, 11 దెబ్బలు వాళ్ళకు నేర్పండి. తాళం వాళ్ళ చేతిలో ఉంటే మీరు ఆలస్యంగా ఎత్తుకున్నా, ముందుగా వదిలినా అందంగా ఉంటుంది. అరెతా చేసేదీ అదే.

సంగతుల గురించి చెప్పాలంటే, మీ గొంతులో కంపిత గమకం పాతుకుపోయింది. ఇక్కడ స్వరం ఊగకూడదు. శుద్ధ ధన్యాసి స్వరాలు తీసుకుని పై షడ్జం నుంచి కిందికి ప్రతి స్వరం మీదా సూటిగా అడుగేస్తూ దిగండి. మెట్రోనోమ్ 60 మీద దెబ్బకు రెండు స్వరాలతో మొదలుపెట్టి, మూడు, ఆ తర్వాత నాలుగు. తొందరపడితే స్వరాలు కలిసిపోయి జారులా వినిపిస్తుంది. గాంధారం మాత్రం సాధారణ, అంతర గాంధారాల మధ్య ఎక్కడో పడుతుంది. దాన్ని హార్మోనియం మీద వెతకొద్దు, రికార్డు వెంట పాడుతూ పట్టుకోవాలి. ఒక వాక్యానికి ఒక్క సంగతి చాలు, అదీ వాక్యం చివర. శ్రుతి ఆవిడది తీసుకోకుండా మీకు పైస్థాయి సుఖంగా అందేది పెట్టుకోండి. రోజుకు అరగంటకు మించి గట్టిగా పాడకండి. గొంతు బొంగురుపోతే ఆ రోజుకు ఆపేయాలి.

మరొక మాట. ‘ఎ నేచురల్ ఉమన్’ లాంటి నెమ్మది పాటలు తిశ్ర నడకలో ఉంటాయి, దెబ్బకు మూడు. మీకు అవే సులువుగా లొంగుతాయి. కార్యక్రమానికి వారమే మిగిలితే పాట మార్చుకోండి.

గోపాలపురం సముద్రానికి దగ్గర్లో ఉంటాం. ఎల్‌పీల మీద తెల్లటి బూజు. తుడిచినా పటపటమంటున్నాయి.
– పాఠకుడు, గంజాం జిల్లా

పొడిగుడ్డతో తుడిస్తే బూజు గాడిలోకి ఇంకా లోపలికి వెళుతుంది. ముప్పావు లీటరు డిస్టిల్డ్ వాటర్, పావు లీటరు ఐసోప్రొపైల్ ఆల్కహాల్, రెండు చుక్కల గిన్నెలు తోమే లిక్విడ్ కలపండి. డిస్టిల్డ్ వాటర్ బ్యాటరీ షాపుల్లో దొరుకుతుంది, యాసిడ్ సీసా తెచ్చుకోకుండా చూసుకోండి. శానిటైజర్ పనికిరాదు, అందులోని గ్లిజరిన్ గాడిలో జిగురులా ఉండిపోతుంది. మెత్తని బ్రష్‌తో గాడి వెంట గుండ్రంగా, లేబుల్ తడవకుండా రుద్ది, వట్టి డిస్టిల్డ్ వాటర్‌తో ఇంకోసారి తుడవండి. కడిగే పని ఇక్కడే చెడుతుంది. రెండోసారి తుడవకపోతే సబ్బు ఎండి కొత్త పటపటలు మొదలవుతాయి. నీడలో నిలబెట్టి గంటసేపు ఆరనివ్వండి. పాత లోపలి కవర్లు పారేయండి, బూజు వాటిలోనే ఉంటుంది. నిలువుగా, గోడకు జానెడు దూరంలో పెట్టుకోండి.

తాతల నాటి 78 చుట్ల లక్క రికార్డులకు ఈ మందు తగలనివ్వకండి. ఆల్కహాల్ లక్కను కరిగిస్తుంది.

క్యాసెట్‌లో పాట దుప్పటి కప్పుకుని పాడినట్టుంది.
– పాఠకుడు, జయపురం

క్యాసెట్‌ను తిప్పి చూడండి. టేపును ప్లేయర్‌లోని హెడ్‌కు (టేపును చదివే భాగానికి) నొక్కే చిన్న ఫెల్ట్ ముక్క ఊడిపోయి ఉంటుంది. అయిదు స్క్రూల పనికిరాని క్యాసెట్ నుంచి ఆ ముక్కను రేకుతో సహా తీసి పెట్టండి. ఫెల్ట్ ముక్క ఊడకుండా ఉంటే, హెడ్‌ను ఐసోప్రొపైల్‌లో ముంచిన దూదిపుల్లతో తుడవండి. అప్పటికీ మూగగా ఉంటే హెడ్ పక్కన స్ప్రింగు ఉన్న స్క్రూను, ముందున్న చోట గుర్తు పెట్టుకుని, పావు చుట్టుకు మించకుండా అటూ ఇటూ తిప్పండి. తాళాల చప్పుడు తేటగా వినిపించిన చోట ఆపండి.

మా అమ్మకు ఇంగ్లిష్ రాదు. సుశీల, జిక్కి పాటలు వింటూ పెరిగిన మనిషి. అరెతా ప్రేమపాట ఒక్కటి వినిపించాలంటే ఏది?
– పాఠకురాలు, గునుపూర్

‘ఎయింట్ నో వే’, 1968 నాటిది. రాసింది చెల్లెలు కేరొలిన్. నన్ను ప్రేమించనివ్వకపోతే నేను నిన్నెలా ప్రేమించను అని ఒక ఆడమనిషి అడుగుతుంది, అంతే కథ. ఈ ఒక్క ముక్క అమ్మగారికి ముందే చెప్పండి, మిగతా మాటలు తెలియకపోయినా ఫర్వాలేదు. పాట నడుస్తుండగా వెనక నుంచి మాటల్లేకుండా, బాగా పైస్థాయిలో ఇంకో ఆడగొంతు లేస్తుంది. అది స్వీట్ ఇన్‌స్పిరేషన్స్‌లోని సిస్సీ హ్యూస్టన్, గాయని విట్నీ హ్యూస్టన్ తల్లి. ఫోన్ స్పీకర్‌లో పెడితే ఆ గొంతు ఈలలా సన్నబడిపోతుంది. రెండు స్పీకర్ల మధ్య కూర్చోబెట్టి వినిపించండి.