షుగర్ ఉన్న మనిషికి అల్సరేటివ్ కొలైటిస్ కూడా వస్తే ఏం పెట్టాలి? షుగర్ మాత్ర మెట్ఫార్మిన్ ఆపెయ్యాలా?

నాన్నగారికి షుగర్ పాతదే, ఈ మధ్య కొలైటిస్ (పెద్దపేగు లోపల వాచి పుండ్లు పడే జబ్బు) అని తేలింది, ఏం వండి పెట్టాలో తెలియట్లేదు అని రాశారు. నాకు రెండూ ఉన్నాయండి. ఏలూరులో ఎలక్ట్రికల్ షాపు నాది, డాక్టర్ని కాదు, కానీ ఏళ్ళ తరబడి ఈ రెండింటి మధ్య నలిగినవాణ్ణి కాబట్టి నా మాట ముందే చెప్పేస్తున్నా. ఫ్లేర్ వచ్చినప్పుడు, అంటే ఆ జబ్బు తిరగబెట్టినప్పుడు, పేగు మాటే వినాలి. షుగర్‌ని మందు మార్చో ఇన్సులిన్ వేసో ఎలాగోలా దారికి తేవచ్చు, పుండు పడ్డ పేగుని మాత్రం కొర్రన్నం పెట్టి దారికి తేలేరు.

మాకు మొదట్లో రెండు డైట్ చార్టులు ఇచ్చారు. షుగర్ డాక్టర్ గారిది దంపుడు బియ్యం, మొలకలు, పచ్చి క్యారెట్ కీరా ముక్కలు, నానబెట్టిన మెంతులు, తొక్కతో సహా జామకాయ. గ్యాస్ట్రో డాక్టర్, అంటే పేగుల డాక్టర్ గారిది సరిగ్గా దానికి తిరగేసి, పీచు తగ్గించండి, తెల్లన్నం మెత్తగా వండండి, తొక్కా గింజా లేకుండా చూడండి, పచ్చివి అస్సలొద్దు. మా ఆవిడ రెండూ ఫ్రిజ్ మీద పక్కపక్కనే అంటించి, కొన్నాళ్ళు అటూ ఇటూ చూసి, ఒకరోజు విసుగొచ్చి రెండూ పీకి పారేసింది. ఈలోపు మా బావగారు "సిరిధాన్యాలకి లొంగని రోగం లేదు బావా" అంటూ కొర్రలు, అండుకొర్రలు, సామలు సంచులకి సంచులు పంపించాడు. కొర్రలు మంచివే, నేను కాదనను, కానీ రోజుకి పదిసార్లు బాత్రూంకి పరిగెడుతూ రక్తం జిగురు పడుతున్న మనిషికి కాదు. మొలలున్నవాడికీ అదే, షుగరున్నవాడికీ అదే, మోకాళ్ళ నొప్పులకీ అదే అంటే ఎలా? మొలలంటే గుర్తొచ్చింది, రక్తం పడగానే మొలలే అనుకుని గోడల మీద రాసి ఉండే డాక్టర్ల దగ్గరికి పోవడం మన దగ్గర పెద్ద దరిద్రం, నాక్కూడా కొలనోస్కోపీ (గొట్టంతో పెద్దపేగు లోపల చూసే టెస్టు) చేసేదాకా మొలల మందే ఇచ్చారు.

ఆ కొలనోస్కోపీ సంగతి చెప్పాలి మీకు, ఎందుకంటే నాన్నగారికీ మళ్ళీ మళ్ళీ చేస్తారు. ముందురోజు నుంచి ఘనపదార్థం ఏదీ తినకూడదు, పాలు కూడా వద్దు, కొబ్బరినీళ్ళు, వడకట్టిన యాపిల్ రసం, పాలు లేని టీ లాంటివే. సాయంత్రం పేగు కడిగే పౌడర్ రెండు లీటర్ల నీళ్ళలో కలుపుకుని గ్లాసు తర్వాత గ్లాసు తాగాలి, ఉప్పునీళ్ళలో నిమ్మకాయ ముంచినట్టుంటుంది. వాళ్ళిచ్చిన కాగితంలో ఇదంతా శుభ్రంగా ఉంది. షుగర్ మాత్రల గురించి మాత్రం ఒక్క ముక్క లేదు. ఆసుపత్రికి ఫోన్ చేస్తే "షుగర్ సంగతి మీ షుగర్ డాక్టర్‌ని అడగండి సార్" అంది రిసెప్షన్ అమ్మాయి. అక్కడికి చేస్తే కాంపౌండరు "టెస్టు చేసేవాళ్ళే చెప్పాలండీ అది" అన్నాడు. ఆపమని ఎవరూ అనలేదు కదా, రాత్రి రోజూ వేసుకునే షుగర్ మాత్ర గ్లిమెపిరైడ్ వేసేసుకున్నా. కడుపులోనేమో నీళ్ళు తప్ప ఏం లేదు, ఆ నీళ్ళు కూడా నిలవట్లేదు.

అర్ధరాత్రి దాటాక బాత్రూంలోనే చెమటలు పట్టేశాయి, బనీను తడిసి ఒంటికి అంటుకుపోయింది, చేతులు ఎంత వణుకుతున్నాయంటే గడియ తియ్యడానికి రావట్లేదు. మా ఆవిడ బయట నుంచి "ఏమండీ, ఏమండీ" అని తలుపు కొడుతోంది, నాకు వినబడుతోంది గానీ జవాబు చెప్పాలంటే మాట కూడుకోవట్లేదు. ఎలాగో గడియ తీస్తే అక్కడే గుమ్మంలో కూచోబెట్టి వేలు గుచ్చి చూసింది, షుగర్ 54కి పడిపోయింది. మామూలుగా అయితే పాలో బిస్కట్టో నోట్లో పెట్టేది, అవి పెడితే పొద్దున టెస్టు పోయినట్టే. ఆవిడ వంటింట్లోకి వెళ్ళి, పై అరలో పాత ప్రెషర్ కుక్కర్ లోపల నాకు కనబడకుండా దాచే పంచదార డబ్బా తీసుకొచ్చి, మూడు చెంచాలు నీళ్ళలో కరగదిప్పి తాగించింది. పావుగంట ఆగి మళ్ళీ చూస్తే 83. అంత నీరసంలోనూ "ఓహో డబ్బా అక్కడుందా" అనుకున్నా, మర్నాటికి అది చోటు మారిపోయింది లెండి. ఇంతా అయ్యి వెళ్తే వాళ్ళు నా వంతు మధ్యాహ్నానికి పెట్టారు. షుగర్ ఉన్నవాళ్ళని పొద్దున్నే మొదటి వంతులో పిలవాలన్న ఇంగితం ఉండొద్దా? మీరు మాత్రం అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే మొదటి స్లాట్ కావాలని గట్టిగా అడగండి, ఏ మాత్ర ఎప్పుడు ఆపాలో, ఇన్సులిన్ ఉంటే ఎంత తగ్గించాలో డాక్టర్ చేత కాగితం మీద రాయించుకోండి.

నేను చెప్పొచ్చేది అదే. ఈ ఇద్దరు డాక్టర్లు ఒకరితో ఒకరు మాట్లాడుకోరు, వాళ్ళ మధ్య తపాలా బంట్రోతు మనమే. స్టెరాయిడ్ విషయంలో ఇది ఇంకా చేటు. ఫ్లేర్ ఎక్కువైతే ప్రెడ్నిసొలోన్ ఇస్తారు, అది పేగుకి అమృతం, షుగర్‌కి మాత్రం పెట్రోలు. పొద్దున వేసుకున్న మాత్ర ప్రభావం మధ్యాహ్నం నుంచి రాత్రిదాకా కనబడుతుంది, తెల్లారేసరికి దిగిపోతుంది. నాకు పరగడుపున 115 ఉండేది, అందరూ శభాష్ అనేవాళ్ళు, సాయంత్రం షాపులో మీటర్ పెడితే 310. గ్యాస్ట్రో ఆయన వారం వారం స్టెరాయిడ్ తగ్గిస్తుంటే ఇన్సులిన్ కూడా దాంతోపాటు దిగాలి, లేకపోతే షుగర్ లో అయిపోతాం, ఆ సంగతి షుగర్ ఆయనకి మనమే ఫోన్ చేసి చెప్పాలి. మూడు నెలల షుగర్ టెస్టు ఉంది కదా, హెచ్‌బీఏ1సీ, దాన్ని కూడా గుడ్డిగా నమ్మొద్దు. రక్తం పోతున్న మనిషిలో అది తక్కువ చూపించవచ్చు, ఐరన్ లోపం ఒక్కటే ఉంటే ఎక్కువ చూపించవచ్చు. నా ఓటు ఇంట్లో మీటర్‌కే.

ఇంక తిండి. ఫ్లేర్‌లో నేను తినేది మెత్తటి తెల్లన్నం కొంచెం, చెక్కు తీసి ఉడికించిన సొరకాయ బీరకాయ, గుడ్డు, పడితే పెరుగు, ఎప్పుడైనా కొల్లేరు కొరమీను కారం లేకుండా పులుసు. కొంచెం కొంచెంగా ఐదారుసార్లు, అన్నం తక్కువ గుడ్డు చేప ఎక్కువ. తెల్లన్నం తింటే షుగర్ పెరగదా అంటే పెరుగుతుంది, అందుకేగా మందులున్నది. ఫ్లేర్ తగ్గాక ఆకుకూరలు, పప్పులు ఒక్కొక్కటే మెల్లగా తెచ్చుకోవాలి, జీవితాంతం సొరకాయే అని భయపడకండి. పాలు నాకు పడవు, మా షాపు పక్కాయనకి క్రోన్స్ (ఇలాంటిదే ఇంకో పేగు జబ్బు), ఆయనకి శుభ్రంగా పడతాయి, అదెవరికి వాళ్ళు చూసుకోవాల్సిందే.

మోషన్స్ ఎక్కువైన రోజు షుగర్ ఉంది కదా అని ఓఆర్ఎస్ మానెయ్యొద్దు. అసలు ఓఆర్ఎస్ లీటరుకి గ్లూకోజ్ 13.5 గ్రాములే. మెడికల్ షాపుల్లో టెట్రా ప్యాకెట్లలో ఓఆర్ఎస్ అని పేరు పెట్టి అమ్మినవి కొన్నింట్లో లీటరుకి 120 గ్రాముల దాకా చక్కెర ఉండేది, మనలాంటివాళ్ళు విరేచనాలకి మందనుకుని తాగేశారు. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు 8 ఏళ్ళు పోరాడితే 2025 అక్టోబరులో ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్రం ఆహార భద్రతా సంస్థ) ఆ పేరు తీసెయ్యమంది. ఆవిడకి దణ్ణం పెట్టాలి. మీరు మాత్రం నీళ్ళలో కలుపుకునే పౌడర్ ప్యాకెట్టే, డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా అని రాసి ఉన్నదే కొనండి. డాపాగ్లిఫ్లోజిన్ లాంటి షుగర్ మాత్ర వాడుతుంటే ఆ రోజుల్లో ఆపాలా అని ముందే అడిగి పెట్టుకోండి, ఒంట్లో నీరు తగ్గినప్పుడు దాంతో రక్తంలో కీటోన్లు అనే ఆమ్లాలు పెరిగే ప్రమాదం ఉంది.

మెట్ఫార్మిన్ మీ అంతట మీరు ఆపకండి. దానివల్ల కూడా మోషన్స్ అవుతాయి, నిజమే, ఫ్లేరో మాత్రో తెలియక నేను జుట్టు పీక్కున్న రోజులున్నాయి. డోసు పెంచాక మొదలై, నీళ్ళలా అవుతూ, రక్తం లేకపోతే మాత్ర మీద అనుమానం పెట్టుకోండి. మెల్లగా కరిగే ఎస్ఆర్ రకానికి మార్చాక నాకు చాలా తగ్గింది. తేలకపోతే మలంలో కాల్‌ప్రొటెక్టిన్ టెస్టు చేయిస్తారు, పేగులో వాపు ఉందో లేదో దాంతో చాలావరకు తెలుస్తుంది, రిపోర్టు జిరాక్స్ తీయించి ఇద్దరు డాక్టర్లకీ ఇవ్వండి. ఇంకోటి, నాన్నగారికి స్టెరాయిడ్ మొదలెట్టారో లేదో మీరు రాయలేదు. మొదలెట్టి ఉంటే ఇవాళే సాయంత్రం నాలుగైదు మధ్య ఒకసారి వేలు గుచ్చి చూడండి, ఎంత వచ్చిందో కింద రాయండి.