గోధుమకు పశువుల ఎరువు గిట్టుబాటవుతుందా?

యూరియా పూర్తిగా మానేసి, పశువుల ఎరువుతోనే గోధుమ పండిస్తే గిట్టుబాటవుతుందా అని మీరు అడిగారు. ఏడు పంటల పాటు ప్రతి ఖర్చునూ పుస్తకంలో రాసుకున్న అనుభవంతో చెబుతున్నాను: ఎరువు మీ పశువులదైతే, లేదా పొలం పక్కనే దొరికితే యూరియాను తగ్గించుకోవడం గిట్టుబాటవుతుంది; దూరం నుంచి కొని తెచ్చి పూర్తిగా దాని మీదే ఆధారపడితే ఆ ఖర్చును గోధుమ మోయలేదు.

ముందు నత్రజని లెక్క చూడండి. ఎకరానికి రెండు టన్నుల దిగుబడి వస్తే, గింజలతోనే దాదాపు 40 కిలోల నత్రజని పొలం దాటిపోతుంది. పశువుల ఎరువులో నత్రజని సుమారు 0.5 శాతం, అంటే నాలుగు టన్నులకు 20 కిలోలు. అందులోనూ మొదటి పంటకు అందేది పావు వంతు నుంచి మూడో వంతు వరకే. ఆ ఐదారు కిలోలు పన్నెండు కిలోల యూరియాతో వచ్చేస్తాయి. పైగా ఎరువు బరువులో సగానికి మించి నీరే ఉంటుంది కనుక బండి కిరాయి, ఎత్తుడు కూలి, చల్లుడు కూలి చాలావరకు ఆ నీటికే పోతాయి. అందుకే టన్ను ధర చూసి నిర్ణయించుకోవద్దు, పంటకు అందే ఒక్కో కిలో నత్రజని పొలంలో పడేసరికి ఎంతయిందో చూడండి. భాస్వరం, పొటాష్, తర్వాతి పంటలకు మిగిలే సారం కూడా జమ వైపు రాయాలి. నేను మొదట్లో వాటిని వదిలేసి ఎరువుకు అన్యాయం చేశాను.

అయితే నన్ను అసలు దెబ్బతీసింది ధర కాదు, అదను. మొదటి ఏడాది విత్తడానికి వారం ముందు, గడ్డి పోచలు ఇంకా కనిపిస్తున్న పచ్చి ఎరువు చల్లి దున్నించాను. పిలకలు వేసే దశలో అడుగు ఆకులు కొనల నుంచి పసుపు తిరిగాయి, పక్క మడిలో మొక్కకు ఐదారు పిలకలుంటే ఇక్కడ రెండే కనిపించాయి. గడ్డిని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు నేలలోని నత్రజనిని ముందు తామే తీసుకుంటాయి, చలికి వాటి పని ఇంకా మందగిస్తుంది, గోధుమకు ఆకలి పెరిగేదీ ఆ రోజుల్లోనే. ఎరువుతో వచ్చిన కలుపు తీయించడానికి అదనపు కూలీ పడింది. ఇప్పుడు ఎరువును నెలల తరబడి మాగబెట్టి, గోధుమకు ముందు పంటకే వేస్తున్నాను. గోధుమకు పిలకల దశలో యూరియా కొద్దిగా పైపాటుగా ఇస్తున్నాను.

ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్‌లో 1843 నుంచి నడుస్తున్న గోధుమ ప్రయోగంలో పశువుల ఎరువు వేసిన మడి రసాయన ఎరువుల మడులకు దీటుగానే పండింది, నేలలో సేంద్రియ కర్బనం బాగా పెరిగింది. కానీ అక్కడ వేసింది ఏటా హెక్టారుకు 35 టన్నులు, అంటే ఎకరానికి 14 టన్నులు. అంత ఎరువు ఎంతమంది రైతులకు అందుతుంది?

యూరియా పూర్తిగా మానాలంటే సేంద్రియ పంటగా ధ్రువీకరణతో వచ్చే అధిక ధర ముందే ఖాయం కావాలి. సేంద్రియ సాగుకు మారే కాలం రెండేళ్లో, మూడేళ్లో ఉంటుంది; అప్పుడు దిగుబడి తగ్గుతుంది, ధర మాత్రం మామూలుదే. నత్రజని చాలకపోతే గింజలో ప్రొటీన్ కూడా తగ్గుతుంది, ప్రొటీన్ చూసి కొనేవారు ధర కోస్తారు. కనుక ఈ ఏడాది ఒక్క మడిలోనే మొదలుపెట్టి, ఎరువును పరీక్ష చేయించి, ఆ మడి గింజలను విడిగా తూకం వేయించండి.