తల్లికి వందనం: పేరు అనర్హుల జాబితాలో ఉంటే ఎవరిని అడగాలి?

తల్లికి వందనం అంటే, చదువుకునే పిల్లల కోసం ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తల్లి ఖాతాలో డబ్బు వేసే పథకం. దాని గురించి గుంటూరు నుంచి ఒక సోదరి అడిగిన ప్రశ్న ఇది. పాప ఏడో తరగతి, బాబు నాలుగో తరగతి. భర్తకు సొంత ఆటో ఉంది. అద్దె ఇల్లు, రేషన్ కార్డు ఉన్నాయి. పక్క వాటాలో వాళ్లకు ముగ్గురు పిల్లలకూ డబ్బు పడింది, వీళ్లకు ఒక్కరికీ పడలేదు. బడిలో అడిగితే వార్డు సచివాలయానికి వెళ్లమన్నారట. సచివాలయంలో ‘పైనుంచే రాలేదు’ అన్నారట. ఆటో ఉన్నందుకే ఆపేశారా, మళ్లీ దరఖాస్తు పెట్టుకోవాలా అని ఆమె సందేహం.

ఆటో కారణం కాదండీ. కుటుంబంలో నాలుగు చక్రాల బండి ఉండకూడదన్న నిబంధన ఉన్నా, ఆటో, ట్యాక్సీ, ట్రాక్టరు అందులోకి రావు. ఇక దరఖాస్తు మాటకొస్తే, బడి రికార్డులో ఉన్న పిల్లల వివరాలను సచివాలయం దగ్గరున్న కుటుంబ వివరాలతో సరిచూసి జాబితా తయారు చేస్తారు. ఆ వివరాల్లో ఎక్కడో ఒకచోట తేడా ఉన్నప్పుడు మీరు ఎన్ని జిరాక్సులు సమర్పించినా ఫలితం మారదు. ఏ రికార్డు అడ్డుపడుతోందో ముందు తెలియాలి. ‘పైనుంచే రాలేదు’ అన్నది జవాబు కాదు. అనర్హుల జాబితాలో పేరు ఎదురుగా కారణం ఉంటుంది. అది చూపించమని అడగండి, మర్యాదగానే అడగండి, కానీ చూసేదాకా కదలకండి. వాట్సాప్‌లో ‘మన మిత్ర’ సేవ ద్వారా కూడా స్థితి చూసుకునే వీలు కల్పించారు.

మా సంగతి చెబుతాను. మేం విజయవాడ కృష్ణలంకలో రెండు గదుల వాటాలో అద్దెకు ఉంటాం. మావారు ఆటోనగర్‌లో పని చేస్తారు, నేను ఇంట్లో జాకెట్లు కుడతాను. 2025 జూన్‌లో పథకం మొదలైనప్పుడు మా ఇద్దరు పిల్లల పేర్లూ అనర్హుల జాబితాలోనే వచ్చాయి. కారణం చోట ‘విద్యుత్ వినియోగం 300 యూనిట్లకు పైన’ అని ఉంది. మాకున్నవి రెండు ఫ్యాన్లు, ఒక ఫ్రిజ్, కుట్టు మిషను మోటారు. బెజవాడ ఎండల్లో మే నెల బిల్లు కాస్త ఎగిరినా, 300 అన్నది పన్నెండు నెలల సగటు మీద చూసే లెక్క. మా ఇంట్లో అంత కరెంటు కాలే అవకాశమే లేదు.

సచివాలయంలో వివరాలు తెరిపిస్తే, మావారి ఆధార్ కింద రెండు సర్వీసు నంబర్లు, అంటే రెండు కరెంటు కనెక్షన్లు కనిపించాయి. మొదటిది ఇప్పటి ఇంటిది. రెండోది ఎప్పుడో ఖాళీ చేసి వచ్చిన పాత ఇంటిది. అక్కడున్న రోజుల్లో మీటరుకు ఆధార్ కావాలంటే ఇంటి యజమాని మమ్మల్నే ఇమ్మన్నారు, ఇచ్చాం. ఇప్పుడు ఆ వాటాలో ఏసీలు బిగించిన వేరే కుటుంబం ఉంటోంది. వాళ్లు చల్లగా పడుకుంటుంటే ఆ యూనిట్లు మా ఖాతాలో చేరుతున్నాయి!

ఇక్కడ చాలామంది సచివాలయం వాళ్లతో గొడవకు దిగుతారు. దిగి లాభం లేదు, మీటరుకు ఉన్న ఆధార్‌ను తీసేసే పని వాళ్ల చేతిలో లేదు. అది విద్యుత్ శాఖ సెక్షన్ కార్యాలయంలో జరగాలి. మేం అర్జీ రాసి, ఆధార్ నకలు, ప్రస్తుత ఇంటి బిల్లులు జతచేసి ఇస్తే, పాత యజమాని సంతకం కూడా తెమ్మన్నారు. ఆ పెద్దాయన మొదట ససేమిరా అన్నారు. మీటరు తన పేరు మీద నుంచి పోతుందేమోనని ఆయన భయం. ‘బాబాయిగారూ, బిల్లు మీద పేరు మీదే ఉంటుంది, మా ఆధార్ ఒక్కటే పోతుంది’ అని అర్జీ మొత్తం చదివి వినిపించాక సంతకం పెట్టారు. లింకు తొలగించినట్టు కాగితం అందాక దాన్ని సచివాలయంలో ఇచ్చి అభ్యంతరం నమోదు చేయించాం. తర్వాతి విడతలో ఇద్దరికీ డబ్బు పడింది.

మీది అద్దె ఇల్లు అన్నారు కాబట్టే ఇంత వివరంగా రాశాను. మీరూ ముందు ఇదే చూసుకోండి. ఒక్క బిడ్డకు పడి ఇంకొకరికి పడకపోతే ఆ బిడ్డ బడి వివరాల్లో, అంటే ఆధార్ నంబరులోనో తల్లి పేరులోనో తప్పు ఉందనుకోవచ్చు. 75 శాతం హాజరు నిబంధన కూడా ఉంది. అవన్నీ ప్రధానోపాధ్యాయుల దగ్గర తేలే పనులు. మీకు పిల్లలిద్దరికీ ఆగిందంటే మాత్రం నేనైతే కుటుంబం వివరాల్లోనో బ్యాంకులోనో వెతుకుతాను.

కుటుంబం అంటే సచివాలయం లెక్కలో ఒకే మ్యాపింగ్‌లో, అంటే ఒకే ఇంటివాళ్లుగా నమోదై ఉన్న వాళ్లందరూ. వేరు కాపురం పెట్టి ఏళ్లయినా రికార్డులో ఇంకా అత్తమామలతోనే ఉండిపోతారు చాలామంది. అందులో ఎవరికైనా ప్రభుత్వ ఉద్యోగమో ప్రభుత్వ పింఛనో ఉన్నా, ఒకరు ఆదాయపు పన్ను కడుతున్నా అందరికీ ఆగిపోతుంది. పారిశుద్ధ్య కార్మికులకు మాత్రం మినహాయింపు ఉంది. మిగతా హద్దులు కూడా చూసుకోండి: నెలకు ఆదాయం పల్లెల్లో 10,000, పట్టణాల్లో 12,000 రూపాయల లోపు, భూమి మాగాణి మూడెకరాలు లేదా మెట్ట పదెకరాల లోపు, పట్టణంలో సొంత కట్టడం అయితే వెయ్యి చదరపు అడుగుల లోపు. మీలాంటి, మాలాంటి వాళ్లకు ఇవి అడ్డురావడం అరుదు. మ్యాపింగ్, మీటరు, ఈ రెండే ఎక్కువగా తిప్పలు పెడతాయి.

బ్యాంకు విషయంలో ఒక ముక్క. పాస్‌పుస్తకం నకలు ఇచ్చాం కదా, డబ్బు ఆ ఖాతాలోకే వస్తుందని అనుకోవద్దు. తల్లి ఆధార్ ఎన్‌పీసీఐ (బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే సంస్థ) దగ్గర ఏ ఖాతాతో జతపడి ఉందో అందులోకే వెళుతుంది. మా వీధిలో ఒకావిడ డబ్బు రాలేదని వారాల తరబడి సచివాలయం చుట్టూ తిరిగింది. తీరా చూస్తే ఎప్పుడో తెరిచి మరచిపోయిన జన్‌ధన్ ఖాతాలో భద్రంగా పడి ఉంది. ఆధార్ ఏ బ్యాంకుతో జతపడి ఉందో ఆధార్ వెబ్‌సైటులో ఓటీపీతో చూసుకోవచ్చు. అది వాడుకలో లేని ఖాతా అయితే, మీరు వాడే బ్యాంకుకు వెళ్లి ఆధార్‌ను ఖాతాకు జతచేసే (సీడింగ్) ఫారం నింపి ఇవ్వండి. ‘లింకు అయ్యే ఉందమ్మా’ అని కౌంటరులో అంటారు. ప్రభుత్వ సొమ్ము జమయ్యేలా ఎన్‌పీసీఐలో ఉందా అని నిలదీసి అడగండి, రెండూ ఒకటి కాదు.

పక్క వాటా వాళ్లతో పోల్చుకుని బాధపడకండి, వాళ్లకు వేరే నిబంధనేమీ లేదు. దీనికి ముందు, 2020లో మొదలైన అమ్మఒడి పథకంలో తల్లికి ఒక్క బిడ్డకే ఇచ్చేవారు. తల్లికి వందనంలో ఒకటో తరగతి నుంచి ఇంటర్ రెండో సంవత్సరం దాకా చదివే పిల్లలందరికీ లెక్క కడతారు, అందుకే ఆ ముగ్గురికీ వచ్చింది. ప్రకటించింది 15,000 అయినా చేతికి అందేది 13,000. మిగతా 2,000 బడి నిర్వహణకు పోతుంది. ఎస్సీ విద్యార్థులకు పై తరగతుల్లో కొంత భాగం కేంద్ర ఉపకార వేతనం రూపంలో విద్యార్థి ఖాతాకే వస్తుంది, కాబట్టి తల్లి ఖాతాలో తక్కువ పడిందని కంగారు పడనక్కర్లేదు.

జాబితాలో పేరు ఎక్కిస్తామని ఐదొందలు, వెయ్యి అడిగే వాళ్లు తగులుతారు. దమ్మిడీ ఇవ్వకండి. మీటరు లింకు తీసేది విద్యుత్ శాఖ, ఆధార్‌ను ఖాతాకు జతచేసేది బ్యాంకు, పిల్లల వివరాలు దిద్దేది బడి. మధ్యవర్తి చేయగలిగిందేమీ లేదు.

రేపు సచివాలయానికి వెళ్లేటప్పుడు మీ ఇద్దరి ఆధార్‌లతో పాటు, ఇప్పటి ఇంటి కరెంటు బిల్లులు ఏడాదివి దొరికినన్ని తీసుకెళ్లండి. మీ ఇద్దరి ఆధార్‌ల కింద ఏయే సర్వీసు నంబర్లు ఉన్నాయో అడిగి, ఆ అంకెలు రాసుకుని, చేతిలో ఉన్న బిల్లు మీది నంబరుతో అక్కడే సరిచూడండి. బిల్లులో లేని నంబరు ఒక్కటి కనిపించినా, ఆ ఇంటి యజమాని ఎవరో గుర్తు తెచ్చుకుని ముందు ఆయనకు ఫోను చేయండి. సంతకం కోసం ఇంటికి వెళ్లేటప్పుడు అర్జీ రాసి పట్టుకెళ్లండి. చదువుకుని చూసుకుంటే ఆయన భయమూ తీరుతుంది, మీకు మరోసారి తిరగాల్సిన పని ఉండదు.