వ్యాసం కోసం లైబ్రరీలో ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న: కావలిలో డిగ్రీ చదువుతున్నాను. ఇంగ్లీష్ కాంపోజిషన్ క్లాసులో పరిశోధన చేసి వెయ్యి పదాల వ్యాసం రాయమన్నారు. ‘మద్యపాన సమస్య’ అనే టాపిక్ తీసుకున్నాను. గూగుల్‌లో ఏది నమ్మాలో తెలియడం లేదు. లైబ్రరీకి వెళ్లి, ఏ బీరువా తెరవాలో అర్థంకాక తిరిగొచ్చేశాను. టెన్షన్‌గా ఉంది.

జవాబు: బీరువా దొరకకపోవడం నీ తప్పు కాదమ్మా, టాపిక్ అంత పెద్దది. దాన్ని మన నెల్లూరు జిల్లాకే తెచ్చుకో. 1992లో దూబగుంట ఆడవాళ్లు ఊళ్లో సారా అంగడి మూయించారు. అక్షరాస్యత తరగతుల్లో చదివిన పాఠం వాళ్లను కదిలించింది. ఆ ఉద్యమం ఊరూరా పాకి, 1993లో రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. ‘చదువు నేర్చుకోవడం ఆ ఆడవాళ్లకు ఎలా బలమైంది?’ అని అడిగితే వెయ్యి పదాల్లో పడుతుంది.

ఆ ఒక్క ప్రశ్న కాగితం మీద రాసుకుని నేరుగా లైబ్రేరియన్ దగ్గరికి వెళ్లు. చాలామంది పిల్లలు పుస్తకం తీసుకోవడానికి, ఫైన్ కట్టడానికి తప్ప ఆయనతో మాట్లాడరు. నాకు అదే బాధ. వెతికిపెట్టడం ఆయన చదువుకున్న విద్య, మొహమాటపడకు.

మీ కాలేజీలో పుస్తకాలకు విషయాన్నిబట్టి నంబర్లు వేసే డ్యూయీ పద్ధతి ఉంటే 362 దగ్గర సామాజిక సమస్యలు, 954 దగ్గర భారతదేశ చరిత్ర ఉంటాయి. కావలసిన పుస్తకం దొరికినా దాని పక్కవి కూడా తీసి, వెనక ఉండే పదసూచికలో (ఇండెక్స్) ‘సారా’, ‘నెల్లూరు’ ఉన్నాయేమో చూడు. ‘ఎకనమిక్ అండ్ పొలిటికల్ వీక్లీ’ అనే పత్రిక 1992, 93 సంచికలు బైండు చేసి ఉంచారేమో అడుగు. కాలేజీలకు ఆన్‌లైన్‌లో జర్నల్స్, పుస్తకాలు అందించే ఎన్-లిస్ట్‌లో మీ కాలేజీకి సభ్యత్వం ఉంటే లాగిన్ ఇప్పించమను, ఇంట్లో ఫోన్‌లోనే జర్నల్స్ చదువుకోవచ్చు. శోధ్‌గంగ అనే వెబ్‌సైట్‌లో పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలు ఉచితం. మొత్తం చదవక్కర్లేదు, మొదటి అధ్యాయం, చివర ఇచ్చిన పుస్తకాల పట్టిక చాలు. ఆ పట్టికే నీకు తర్వాతి దారి.

నోట్సు రాసేటప్పుడు రచయిత పేరు, సంవత్సరం, పేజీ నంబరు అప్పుడే రాసుకో. తర్వాత వెతకడం నరకం.

ఇవి చదివాక, అప్పటి సంగతులు గుర్తున్న పెద్దావిడ మీ చుట్టుపక్కల ఎవరైనా ఉంటే వెళ్లి కూర్చో. ముందే వెళ్తే ఏం అడగాలో నీకు తెలియదు.