ఫోన్ చదువుతోంది కదా, ఇంకా బ్రెయిలీ ఎందుకు?

"ఫోనే అన్నీ చదివి వినిపిస్తోంది, చూపు లేనివాళ్లు ఇంకా బ్రెయిలీ నేర్చుకోవాలా?" అని అడిగారు. నేర్చుకోవాలి. నాకు పుట్టుకతోనే చూపు లేదు, పదో తరగతి దాకా హాస్టల్లో బ్రెయిలీలోనే చదివాను, ఉద్యోగం వచ్చాక బ్రెయిలీ చుక్కలు గుచ్చే పలక, సూదిలాంటి స్టైలస్ అటకెక్కించి పదిహేనేళ్లు ఫోన్‌తోనే బండి లాగించాను.

పోయిన వేసవిలో ఏడో తరగతి చదివే మా మేనకోడలు తెలుగు హోంవర్క్ చేసుకుంటూ, "మామయ్యా, అర్థం అని రాయాలంటే కడుపులో చుక్క పెట్టే థ నా, చుక్క లేని ధ నా?" అంది. తెలుగులో నాకు మంచి మార్కులే వచ్చేవి, అయినా నోట మాట రాలేదు. అది రెండూ టైప్ చేసిస్తే ఫోన్‌లో చదివించాను, రెండుసార్లూ ఒక్కలాగే పలికింది. ఇక లాభం లేదని పలక దింపించి, పాత క్యాలెండర్ కాగితం బిగించి రెండు మాటలూ గుచ్చి, తిప్పి తడిమాను. బ్రెయిలీలో ఒక్కో గడిలో ఆరు చుక్కల చోట్లు, ఎడమ వరుసలో పైనుంచి కిందికి 1, 2, 3, కుడి వరుసలో 4, 5, 6. థ అంటే 1, 4, 5, 6 చుక్కలు, ధ అంటే 2, 3, 4, 6. మొదటి మాట మీద వేలు సాఫీగా వెళ్లిపోయింది, రెండోదాని దగ్గర అన్నంలో రాయి తగిలినట్టయింది. అర్ధం అంటే సగం కదా! ఇన్నేళ్లూ ఆఫీసులో ఎంతమందికి "అర్ధమైంది సార్" అని మెసేజ్ పెట్టానో తలుచుకుంటే సిగ్గేసింది. చూపున్నవాళ్లూ అలాగే రాస్తారు, అది వేరే సంగతి.

వినడం చదవడం కాదు. ఈ గొడవ ఇప్పటిది కూడా కాదు. 1821లో పారిస్ అంధుల పాఠశాలకు, సైన్యంలో పనిచేసిన బార్బియే అనే ఆయన పన్నెండు చుక్కల లిపి తెచ్చాడు. అది శబ్దాన్ని బట్టి రాసేది, అందులో స్పెల్లింగ్ లేదు, పైగా అన్ని చుక్కలు వేలి కొనకు ఒకేసారి ఆనవు. అక్కడే చదువుతున్న లూయీ బ్రెయిలీ పదిహేనేళ్ల వయసుకే దాన్ని ఆరు చుక్కలకు కుదించి, అక్షరానికో గుర్తు ఇచ్చాడు. ఆ స్కూలే దాన్ని కొన్నాళ్లు వద్దంది, ఫ్రాన్స్ అధికారికంగా ఒప్పుకున్నది 1854లో, అప్పటికి ఆయన పోయి రెండేళ్లు. మనకేది పనికొస్తుందో చూపున్నవాళ్లే తేల్చడం అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. మొన్నొక ఏటీఎంలో అంకెల మీటల మీద చుక్కలు భేషుగ్గా ఉన్నాయి, మెనూ మాత్రం నున్నటి అద్దం మీద!

మన దగ్గర 1951లో భారతి బ్రెయిలీ వచ్చింది, మన భాషల్లో ఒకే శబ్దానికి దాదాపు ఒకే చుక్కలు. క అంటే తెలుగులోనూ హిందీలోనూ 1, 3 చుక్కలే, అందుకే హిందీ పరీక్షంటే నాకు టెన్షన్ ఉండేది కాదు. పుస్తకాల బరువు మాత్రం అడక్కండి, ఒక్క సాంఘిక శాస్త్రమే నాలుగు సంపుటాలు.

ఇంతకీ ఆ రోజు మా పిల్ల స్టైలస్ లాక్కుని "ఇల్లు" రాస్తానని మొదటి గడి గుచ్చింది. పలక మీద కుడి నుంచి ఎడమకు, అద్దంలో బొమ్మలా తిప్పి గుచ్చాలి, అది చెప్పేలోపే అయిపోయింది. తడిమి చూసి "ఏ అని రాశావేంటే?" అన్నాను.

"ఇ నే రాశాను, నీ వేలే తప్పు చదివింది మామయ్యా" అంది.