రీసెర్చ్ ట్యూబ్‌లో వచ్చేది మందు కాదు మాస్టారూ, ముందు ఈసీజీ తీయించుకోండి

ప్రశ్న: నాకు 63 ఏళ్ళు, రిటైర్డ్ సైన్స్ టీచర్‌ని, మాది ఖమ్మం జిల్లా. షుగర్‌కి రెండు పూటలా ఇన్సులిన్ వేసుకుంటాను. పోయిన ఏడాది గుండెకి స్టెంట్ వేశారు. కొలెస్ట్రాల్‌కి అటోర్వాస్టాటిన్ 40 వేసుకుంటుంటే పిక్కలు, తొడలు లాగుతున్నాయని మూడు నెలల క్రితం ఆపేశాను. ఇప్పుడు ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 148 వచ్చింది. దాన్ని తగ్గించడానికి ఆర్నెల్లకోసారి వేసే ఇన్‌క్లిసిరాన్ ఇంజెక్షన్ గురించి చదివాను, అది కెమికల్‌గా తయారుచేసిన ఆర్‌ఎన్‌ఏ అట. మా అక్క కొడుకు బయోటెక్ ల్యాబ్‌లో చేస్తాడు. దాని సీక్వెన్స్ (అక్షరాల వరస) అందరికీ తెలిసిందే, ఆర్డర్ పెడితే తయారుచేసి పంపే కంపెనీలు ఉన్నాయి, చాలా చవకగా వస్తుంది అంటున్నాడు. తెప్పించుకుని వేసుకోవచ్చా? నా డీఎన్‌ఏ మారిపోయే ప్రమాదం ఉందా? ఈ మధ్య మెట్లెక్కితే ఛాతీ పట్టేసినట్టు ఉంటోంది, గ్యాస్ మాత్ర వేసుకుని కాసేపు కూర్చుంటే తగ్గుతోంది.

జవాబు: మాస్టారూ, మీరు ఆర్‌ఎన్‌ఏ గురించి వివరంగా రాసి, అసలు విషయం చివర్లో ఒక్క లైన్‌లో పెట్టారు. నేను అక్కణ్ణుంచే మొదలుపెడతాను. స్టెంట్ వేసిన మనిషికి, షుగర్ ఉన్న మనిషికి, మెట్లెక్కితే ఛాతీ పట్టేసి కూర్చుంటే తగ్గుతుందీ అంటే దాన్ని గ్యాస్ అనుకోవడానికి వీల్లేదు. తగ్గింది గ్యాస్ మాత్ర వల్ల కాకపోవచ్చు, మీరు కూర్చున్నారు కాబట్టి గుండె మీద భారం తగ్గి నొప్పి తగ్గి ఉండొచ్చు. మిమ్మల్ని చూడకుండా ఇది గుండె నొప్పే అని నేను చెప్పలేను, కానీ కాదని తేలేదాకా అదే అనుకుని నడుచుకోవాలి. ఇది చదివిన రోజే వెళ్ళి ఈసీజీ, ట్రోపోనిన్ (గుండె కండరం దెబ్బతిందా అని చూసే రక్త పరీక్ష) చేయించుకోండి, ఈసీజీ నార్మల్ అన్నారని ఇంటికి వచ్చేయకుండా మీ కార్డియాలజిస్ట్‌ని కలిసి ఎకో, అవసరమైతే మిగతా పరీక్షల సంగతి అడగండి. ఇంకొకటి, కొలెస్ట్రాల్ మాత్రతో పాటు ఆస్పిరిన్ కూడా ఆపేశారా? మీరు రాయలేదు. ఆపి ఉంటే ఆ మాట డాక్టర్‌కి మొదటే చెప్పండి, దాచొద్దు.

ఇప్పుడు మీ మేనల్లుడి ఆలోచన. ఆ అబ్బాయి చెప్పిన దాంట్లో సగం నిజం ఉంది, అందుకే నాకు భయంగా ఉంది. డీఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏ ముక్కల్ని జీవకణంతో పని లేకుండా కెమిస్ట్రీతోనే తయారుచేయడం నిజమే. మీరు పిల్లలకి హరగోవింద్ ఖొరానా పేరు చెప్పే ఉంటారు, జెనెటిక్ కోడ్ మీద పనికి 1968లో నోబెల్ వచ్చింది, ఆయన టీమ్ 1970లో ఒక జీన్‌ని మొత్తం కెమికల్‌గా కట్టింది. ఏళ్ళ తరబడి పట్టిన పని అది. తర్వాత ఆయన దగ్గర పనిచేసిన మార్విన్ కరూథర్స్ 1981లో ఫాస్ఫోరమిడైట్ పద్ధతి తెచ్చాడు, దాంతో పని మెషిన్ చేతికి వెళ్ళింది. సన్న గాజు రేణువు మీద మొదటి అక్షరాన్ని (అంటే ఒక న్యూక్లియోటైడ్, డీఎన్‌ఏ గొలుసులో ఒక పూస) కట్టేసి, పూసలు గుచ్చినట్టు ఒక్కో న్యూక్లియోటైడ్‌ని తగిలించుకుంటూ పోతారు. ప్రతి అక్షరానికీ ముందు రక్షణగా ఉన్న గ్రూప్ తీసేయాలి, కొత్తది కలపాలి, కలవకుండా మిగిలినవాటిని మూసేయాలి, చివర అయోడిన్‌తో ఆక్సిడైజ్ చేయాలి, మళ్ళీ మొదటికి. కోవిడ్‌లో మీ ముక్కులోంచి తీసిన శాంపిల్‌ని పరీక్షించిన ఆర్‌టీపీసీఆర్‌లో ప్రైమర్లు (పరీక్షలో కాపీ తీయడం మొదలుపెట్టించే చిన్న డీఎన్‌ఏ ముక్కలు) ఇలా చేసినవే, టీబీ కోసం చేసే కళ్లె పరీక్షకి ఇప్పుడు వాడే ట్రూనాట్‌లో కూడా అంతే. మీరు రోజూ వేసుకునే ఇన్సులిన్ కథ కూడా ఇక్కడిదే, 1978లో మనిషి ఇన్సులిన్ జీన్లని కెమికల్‌గా తయారుచేసి బ్యాక్టీరియాలో పెట్టారు, 1982కి అది మందుగా వచ్చింది. అంటే ఈ కెమిస్ట్రీని అనుమానించక్కర్లేదు, నేను రాసే పరీక్షల్లో కొన్ని దీని మీదే నడుస్తున్నాయి.

కానీ ల్యాబ్‌కి పంపే ట్యూబ్ వేరు, మనిషికి ఎక్కించే మందు వేరు. లెక్క మీరే వేయండి, మీకు తేలిక. ఒక్కో అక్షరం నూటికి 99 సార్లు సరిగ్గా తగులుకుంది అనుకుందాం. ఇన్‌క్లిసిరాన్‌లో రెండు పోగులు, ఒకటి 21 అక్షరాలు, ఇంకోటి 23. 21 అక్షరాల పోగుకి 20 సార్లు కలపాలి, 0.99ని ఇరవై సార్లు గుణిస్తే సుమారు 0.82 వస్తుంది. అంటే నూటికి పద్దెనిమిది పోగులు మధ్యలో ఆగిపోయినవో ఒక అక్షరం తక్కువైనవో. పీసీఆర్‌కి అది పెద్ద ఇబ్బంది కాదు, ట్యూబ్‌లో పని జరిగిపోతుంది. చర్మం కింద ఎక్కించుకునేదాంట్లో మాత్రం ఆ తప్పుడు ముక్కలన్నీ తీసేయాలి, తీసేశామని బ్యాచ్ బ్యాచ్‌కీ రుజువు చూపించాలి. అసిటోనైట్రైల్ లాంటి సాల్వెంట్లు మిగలకూడదు, ఎండోటాక్సిన్ (బ్యాక్టీరియా విషం) ఉండకూడదు, స్టెరైల్‌గా, అంటే క్రిములు లేకుండా ఉండాలి. రీసెర్చ్‌కి మాత్రమే అని లేబుల్ వేసిన ట్యూబ్‌కి ఇవన్నీ ఎవరూ గ్యారంటీ ఇవ్వరు, ఆ లేబుల్ అర్థమే అది. షుగర్ పేషెంట్ చర్మం కిందకి స్టెరైల్ కాని ద్రవం వెళ్తే ఏమవుతుందో నా ఓపీలో చూస్తుంటాను.

పైగా సీక్వెన్స్ ఒక్కటే మందు కాదు. మామూలు ఆర్‌ఎన్‌ఏ ఒంట్లోకి వెళ్తే నిమిషాల్లో ఎంజైములు తినేస్తాయి, ఇంకా రెండు పోగుల ఆర్‌ఎన్‌ఏని చూసి మన ఇమ్యూనిటీ వైరస్ వచ్చిందనుకుని తిరగబడొచ్చు. అందుకే ఇన్‌క్లిసిరాన్‌లో దాదాపు ప్రతి అక్షరం చక్కెర భాగాన్నీ మార్చారు, కొన్ని చోట్ల ఫ్లోరిన్, ఎక్కువ చోట్ల మిథాక్సీ, చివర్లలో ఆక్సిజన్ బదులు సల్ఫర్, ఒక పోగు చివర గాల్‌నాక్ అనే చక్కెర గుత్తి. ఆ గుత్తిని లివర్ కణాలు గుర్తుపట్టి లోపలికి లాక్కుంటాయి, అది లేకపోతే మందు లివర్‌కి సరిగ్గా చేరనే చేరదు. ఇక మోతాదు. ఒక్క ఇంజెక్షన్‌లో 284 మిల్లీగ్రాములు ఉంటుంది, ల్యాబుల వాళ్ళు తెప్పించుకునే చిన్న ట్యూబ్‌లో మిల్లీగ్రాములో కొద్ది భాగమే వస్తుంది. అంటే ఒక్క డోసుకి వందల ట్యూబులు కావాలి, చవక అన్న మాట కూడా నిలబడదు. మీ మేనల్లుడికి నా మాటగా చెప్పండి, అభిమానంతోనే అన్నాడని తెలుసు, కానీ ల్యాబ్ మెటీరియల్‌ని మేనమామకి పొడవాలన్న ఆలోచన మాత్రం మానుకోమనండి. ఈ మధ్య చదువుకున్న ఇళ్ళలోనే ఇది ఎక్కువవుతోంది, నెట్‌లో మాలిక్యూల్ పేరు కనపడగానే ఎక్కడ దొరుకుతుందా అని వెతకడం. మందుల షాపులో అడిగి మాత్ర కొనుక్కోవడమే తప్పని మేం మొత్తుకుంటుంటే ఇది అంతకన్నా ప్రమాదం.

మీ డీఎన్‌ఏ భయానికి జవాబు చిన్నది. మారదు. ఇది కణం న్యూక్లియస్‌లోకి వెళ్ళి డీఎన్‌ఏని ముట్టుకునే మందు కాదు, బయట సైటోప్లాజంలో పీసీఎస్‌కే9 అనే ప్రోటీన్ తాలూకు మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏని (ఆ ప్రోటీన్ తయారీకి కణం వాడే కాపీని) కోయిస్తుంది అంతే. ఆ ప్రోటీన్ తగ్గితే లివర్ మీద ఎల్‌డీఎల్‌ని పట్టుకునే రిసెప్టర్లు ఎక్కువ మిగులుతాయి, ఎల్‌డీఎల్ సుమారు సగానికి పడుతుంది. పిల్లలకి పోతుందన్న అనుమానం కూడా అక్కర్లేదు. అసలు మందు మన దేశంలో దొరుకుతుంది, మొదటి డోసు, మూడు నెలలకి రెండోది, తర్వాత ఆర్నెల్లకోసారి, ఆస్పత్రిలోనే వేస్తారు. ఖరీదు చాలా ఎక్కువ. మీకు కావాలా వద్దా అన్నది మీ కార్డియాలజిస్ట్ చూసి చెప్పాలి, నేను ఇక్కడ కూర్చుని వేయించుకోండి అనలేను.

కానీ అది స్టాటిన్‌ని (మీరు ఆపేసిన అటోర్వాస్టాటిన్ ఆ రకం మాత్రే) చెత్తబుట్టలో వేసి వాడే మందు అనుకోకండి, మామూలుగా స్టాటిన్ పూర్తి మోతాదు వాడినా ఎల్‌డీఎల్ సరిపడా తగ్గనివాళ్ళకి, లేదా నిజంగా పడనివాళ్ళకి. 1994లో వచ్చిన 4ఎస్ ట్రయల్‌లో 4,444 మంది గుండె జబ్బు పేషెంట్లలో సిమ్వాస్టాటిన్ అనే స్టాటిన్ మరణాల్ని 30 శాతం తగ్గించింది, ఆ తర్వాత ఇన్నేళ్ళ సాక్ష్యం ఉంది దాని వెనక. మీరేమో ఎవరికీ చెప్పకుండా ఆపేశారు, మూడు నెలలు ఎల్‌డీఎల్ 148తో తిరుగుతున్నారు, స్టెంట్ వేసినవాళ్ళకి మేం 55 లోపు ఉండాలని చూస్తాం. కోపంగా అనట్లేదు మాస్టారూ, బాధగా అంటున్నాను. పిక్కలు లాగితే దారులు బోలెడు ఉన్నాయి, సీకే పరీక్ష (కండరాలు దెబ్బతిన్నాయా అని చూసేది) చేస్తాం, థైరాయిడ్, విటమిన్ డీ చూస్తాం, మాత్ర మారుస్తాం, రోసువాస్టాటిన్ తక్కువ మోతాదుతో మొదలుపెడతాం, స్టాటిన్ కాని కొలెస్ట్రాల్ మాత్ర ఎజెటిమైబ్ కలుపుతాం, అలాంటిదే బెంపెడోయిక్ యాసిడ్ ఉంది. షుగర్ వల్ల నరాల నొప్పి కావొచ్చు, నడిస్తే పిక్క లాగి ఆగితే తగ్గుతుంటే కాలి రక్తనాళాల్లో అడ్డు కూడా కావొచ్చు, అది ఇంకో పరీక్ష. మూత్రం ముదురు రంగులోకి వచ్చిందా, ఒళ్ళు బలహీనంగా ఉందా, ఇవి మాత్రం వెంటనే చెప్పాలి. ఏది ఏమైనా మాత్ర మళ్ళీ మీ అంతట మీరే మొదలుపెట్టకండి, ఛాతీ సంగతి తేలుతుండగానే డాక్టర్ అదీ చూస్తారు.

వెళ్ళేటప్పుడు స్టెంట్ డిశ్చార్జ్ సమ్మరీ, పాత కొత్త లిపిడ్ రిపోర్టులు, ఇంట్లో ఉన్న మాత్రల స్ట్రిప్పులన్నీ ఒక కవర్లో వేసుకుని వెళ్ళండి, పేర్లు గుర్తు చేసుకుని చెప్పే పని పెట్టుకోవద్దు. ఒక్కరే వెళ్ళొద్దు, ఎవరినైనా తోడు తీసుకెళ్ళండి, మెట్లు తగ్గించండి. కూర్చుని ఉండగా నొప్పి వచ్చినా, పది నిమిషాలకి తగ్గకపోయినా, చెమటలు పట్టినా, దవడకో ఎడమ చేతికో పాకినా, లేదా నొప్పే లేకుండా ఒక్కసారిగా ఆయాసం వచ్చినా (షుగర్ ఉన్నవాళ్ళకి అలా కూడా వస్తుంది) గ్యాస్ మాత్ర వెతక్కుండా 108కి ఫోన్ చేయండి, బండి మీద మాత్రం వెళ్ళకండి.